అంగడి క్లబ్బు దిగిపోవాలె

నల్లగొండలో ఫుట్‌బాల్ పిచ్చి ఉన్న ప్రతివాడికీ ఏదో ఒక జట్టు గెలవాలని ఉండేది. మా వాడ వెంకటరాజానికి మాత్రం ఒక జట్టు ఓడిపోవాలని ఉండేది. అది అంగడి క్లబ్బు. గింజల వ్యాపారుల జట్టు. మా నేతగాళ్ళ జట్టు పేరు మార్కండేయ. వాళ్ళ వాడకూ మా వాడకూ మధ్య ఒక మురికినీళ్ళ మోరీ, ఒక బజారు, అంతే. అందుకే అంత కోపం. దూరపువాడిని ద్వేషించే తీరిక ఎవరికుంటుంది?

వెంకటరాజం కోపానికి వేరే కారణం కూడా ఉంది. పందొమ్మిది వందల యాభై ఆరులో ఆయన మా జట్టుకు వెనక వరుసలో, గోలు ముందర నిలబడేవాడు. ఆయన్ని దాటి బంతి పోవడమంటే గోడ దాటి పోవడమే. అంగడి సేటు తన ఆటగాళ్ళకు హైదరాబాదు నుంచి బూట్లు తెప్పించాడు. మావాళ్ళు ఉత్త కాళ్ళతోనే ఆడేవాళ్ళు. ఆ రోజు వెంకటరాజం బంతితో ముందుకు ఉరికి, తన బావమరిది ఐలేశానికి అందించాడు. బంతి పోయాక వచ్చింది బూటు. అంగడి ఆటగాడు రామచంద్రం ఎగిరి ఆయన మోకాలి మీద తన్నాడు. బంతి అక్కడ లేదు. ఇది నేను కళ్ళారా చూశాను, గుట్టకు పోయి నర్సింహస్వామి ముందర ప్రమాణం చేయమన్నా చేస్తాను.

వాళ్ళలో ఒక్కడూ దవాఖానకు రాలేదు. బూట్లు లేనోళ్ళు ఇంట్లో కూసోవాలె అని సేటు అన్నాడట. దవాఖానలో లాభం లేక కట్టంగూర్ తీసుకుపోయి, ఎముకలు అతికించేవాడితో కట్టు కట్టించాం. ఎముక అతికింది కానీ మోకాలు మళ్ళీ వంగలేదు.

మోకాలు వంగకపోతే గుమాస్తాకు పెద్ద నష్టం లేదు. నేతగాడికి బతుకే పోతుంది. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి, కింది కర్రలు రెండూ తొక్కుతుంటేనే బట్ట సాగేది. వెంకటరాజానికి అది చేతకాలేదు. ఆయన భార్య రాజమణి గుంటలోకి దిగింది. ఆయన రాట్నం ముందు కూర్చుని కండెలకు నూలు చుట్టాడు. మా దగ్గర అది ఆడవాళ్ళూ ముసలివాళ్ళూ చేసే పని. అంగడి పోరగాళ్ళు మా వాడ మీదుగా పోతూ, “వెంకటమ్మా, కండెలైనయా?” అని అరిచేవాళ్ళు. ఆయన తలెత్తేవాడు కాదు. చేతిలో దారం మాత్రం పుటుక్కున తెగేది.

అరవై మూడులో ఆ దేవుడు మా వైపు చూశాడు. అంగడి సేటు పోయాడు. కొడుకులకు ఆట కంటే దుకాణాల పంపకం ముఖ్యమైంది. గోలుకు నిలబడేవాడు హైదరాబాదులో నౌకరీ దొరికి వెళ్ళిపోయాడు. రామచంద్రం ఒక్కడూ వెనక నిలబడి ఎంతని ఆపుతాడు? క్లబ్బు కుడితిలో పడ్డ ఎలుకయింది. మా ఊరి జట్లకప్పుడు పైదీ కిందిదీ అని రెండు దర్జాలుండేవి. మొదటి దర్జా ఆటలు సాయంత్రం పూట పెద్ద మైదానంలో జరిగేవి, ఊరంతా చూసేది. అందులో అట్టడుగున మిగిలిన జట్టు రెండో దర్జాకు దిగాలి. రెండో దర్జా అంటే మిట్టమధ్యాహ్నం ఎండిన కుంటలో పల్లేరు కాయల మీద ఆట. చూసేవాళ్ళు మేకలు కాసేవాళ్ళే.

భిక్షం చాయ్ హోటల్లో ఆ రెండు నెలలూ వేరే మాట లేదు. ఏనుగు చచ్చినా వెయ్యే, అంగడి దిగదు అని కొందరు. ఓడలు బండ్లవుతాయి, దిగక ఏం చేస్తుంది అని మేము. సేటు కొడుకులు ఎక్కడినుంచో ఇద్దరు ఆటగాళ్ళను కిరాయికి తెస్తున్నారని ఒక వార్త పుట్టింది. మర్నాటికి ఆ ఇద్దరూ నలుగురయ్యారు. అంగడి కోసం రూలే మారుస్తారని ఇంకొకడు భయపెట్టాడు. హోటల్ భిక్షం మాత్రం ఎవరూ దిగొద్దనేవాడు. వాడి బాధ వాడిది. అంగడివాళ్ళు దిగితే వాళ్ళు తాగే చాయ్ ఎవరు తాగుతారు?

వెంకటరాజం రాట్నం వదిలి రోజూ వచ్చి మూల బల్ల మీద కాలు చాపుకుని కూర్చునేవాడు. గెలుపుకు రెండు, సమానానికి ఒకటి చొప్పున ఎవరు ఎవరితో ఓడితే అంగడి ఎక్కడ ఆగుతుందో అన్నీ నోటికి చెప్పేవాడు. చచ్చిన పామును ఇంకెంత కొడతవు అని ఎవరో అంటే, చచ్చిందని మీరంటున్నరు, నేనింకా చూడలేదు అన్నాడు.

చివరికి లెక్క ఒక్క ఆట మీదికి వచ్చింది. అంగడి ఆటలన్నీ అయిపోయాయి. దానికింద ఒక్క పానగల్ జట్టే ఉంది. పానగల్‌కు ఒక్క ఆట మిగిలింది. అందులో గెలిస్తే పానగల్ మిగులుతుంది, అంగడి దిగుతుంది. గెలవకపోతే అంగడి బతికిపోతుంది. ఆ ఆట మాతోనే.

మార్కండేయ ఏనాడూ పానగల్‌తో ఓడలేదు. మేము మామూలుగా ఆడి గెలిస్తే అంగడిని మేమే బతికించినట్టు. ఆ సాయంత్రమే వెంకటరాజం ఐలేశం ఇంటికి నడిచాడు. అప్పటికి ఐలేశమే జట్టు పెద్ద. నేను వెంట ఉన్నాను.

“రేపు ఓడిపోండ్రి,” అన్నాడు వెంకటరాజం, గడపలోనే నిలబడి.

ఐలేశం వీధి అటూ ఇటూ చూశాడు. “పానగల్ తోని ఓడితే వాడల తలెత్తుకోని తిరుగుతమా బావా?”

“తల నీది. మోకాలు నాది. గుంటల కూసున్నది నీ అక్క.”



మర్నాడు మైదానంలో ఒక వైపు మేము, ఇంకో వైపు అంగడివాళ్ళు. జన్మలో మొదటిసారి అంగడివాళ్ళు మార్కండేయ గెలవాలని గొంతు చించుకున్నారు. ఆ అరుపులు వింటుంటే నా కడుపు చల్లబడింది. పానగల్‌వాళ్ళు ఒక గోలు కొట్టారు. వెనక నిలబడ్డ మావాళ్ళు ఆపలేకనో, ఆపకనో దారిచ్చారు. ఆఖర్లో ఐలేశం ముందు గోలు ఖాళీగా ఉంది. బంతి కాళ్ళ దగ్గరే ఉంది. పక్కకు తన్నాడు. తన్ని, అక్కడే నడుం మీద చేతులు పెట్టుకుని నేల చూస్తూ నిలబడ్డాడు.

మేము డప్పులు తెచ్చుకునే వచ్చాం. ఊరేగింపు అంగడి బజారు గుండానే పోవాలన్నాడు వెంకటరాజం. అందరికంటే ముందు తను నడిచాడు. వంగని కాలు ఈడ్చుకుంటూ ఒక్కో దుకాణం ముందు ఆగి, తలుపుల వైపు చూసి, మళ్ళీ కదిలాడు. వెనక డప్పులవాళ్ళూ, జనమూ ఆయన నడకతోనే నడవాల్సి వచ్చింది. ఆ బజారు అంత పొడుగుందని అంగడివాళ్ళకు ఆ రోజే తెలిసుంటుంది. ఏడేళ్ళలో ఆయన నవ్వగా చూసింది ఆ ఒక్క రోజే. నేను కూడా సిగ్గు లేకుండా సంతోషపడ్డాను.

ఇంటికొచ్చేసరికి రాజమణి మగ్గం మీదే ఉంది. అంగడి దిగిపోయిందని చెప్పాడు.

“మంచిగయింది. జర కండెలు అందియ్యి,” అంది ఆమె.

రెండో దర్జాకు పైసలు పెట్టనని సేటు కొడుకులు చేతులు దులుపుకున్నారు. దిగిపోయిన జట్టు ఆటగాళ్ళు తమ ఇష్టమున్న జట్టుకు పోవచ్చు. ఎవరి దారి వాళ్ళు చూసుకున్నారు. వానలు తగ్గి మైదానం ఆరిన రోజుల్లో మా జట్టు మళ్ళీ ఆట మొదలుపెట్టింది. చూద్దామని వెంకటరాజంతో కలిసి వెళ్ళాను. మా పసుపు అంగీ తొడుక్కుని, వెంకటరాజం ఒకప్పుడు నిలబడిన జాగాలో రామచంద్రం నిలబడి ఉన్నాడు.

వెంకటరాజం మైదానం అంచుదాకా కాలీడ్చుకుంటూ పోయాడు. ఐలేశాన్ని చెయ్యూపి పిలిచాడు.

“వాడు గాడ ఎట్ల నిలబడ్డడు?”

ఐలేశం నెమ్మదిగానే చెప్పాడు. “పానగల్ తోని ఓడినమని మన జట్టు నడిపే కమిటీల అందరు నన్నే తిట్టిన్రు. ఎనక నిలబడెటోడు లేడు, మంచోన్ని తెస్తమన్నరు. ఎందుకు ఓడిన్నో చెప్పాల్నా బావా? చెప్పమంటే ఇప్పుడే పోయి చెప్త.”

వెంకటరాజం చెప్పమనలేదు. కావాలని ఓడిన సంగతి చెప్తే ఐలేశాన్ని జట్టులోంచి గెంటేసేవాళ్ళు, ఇంట్లో రాజమణికి ఆయన మొహం చూపించలేకపోయేవాడు.

రామచంద్రం బాగా ఆడాడు, ఏం లాభం దాస్తే. మా వాడ పిల్లలు వాడి పేరు పెట్టి అరవడం నేర్చుకున్నారు. ఆ ఏడు ఎవరు దిగుతారని భిక్షం హోటల్లో మళ్ళీ చర్చ లేచింది. పానగల్ అన్నారు కొందరు. మూల బల్ల మీదినుంచి వెంకటరాజం, మార్కండేయ అన్నాడు.

అందరం నవ్వాం. ఆయన నవ్వలేదు.

“వాని ఒంటి మీద గా అంగీ ఉన్నన్ని దినాలు నాకు గదే అంగడి క్లబ్బు. దిగిపోవాలె.”

ఐలేశం చాయ్ సగంలోనే వదిలి లేచి వెళ్ళిపోయాడు. వెంకటరాజం ఆ గ్లాసును తన వైపు జరుపుకుని తాగాడు. తర్వాత నా దిక్కు తిరిగి, మనం ఇంకా ఎవరెవరితో ఆడాల్సి ఉందో చెప్పమన్నాడు.