ఎర్ర రొయ్యకు గుడ్లు వచ్చిన ఎండాకాలం

ఏడో నెలలో కడుపులోని బిడ్డను పోగొట్టుకుని దవాఖాన నుంచి వచ్చాక నా భార్య ఏదీ అడగడం మానేసింది. పలకరిస్తే జవాబిచ్చేది, వంట చేసేది, బట్టల మీద బొగ్గు దుమ్ము దులిపి మడత పెట్టేది. తనంతట తానుగా ఒక్క మాట లేదు. అందుకే ఒక సాయంత్రం ఫోనులో ఏదో వీడియో చూస్తూ "ఇవేంది, గింత ఎర్రగున్నయి?" అన్నప్పుడు, డ్యూటీ బూట్లు విప్పుతున్నవాణ్ణి ఒంటి బూటుతోనే వెళ్లి ఆమె పక్కన నిలబడ్డాను. మంచినీళ్లలో బతికే రొయ్యలు. గోరంత ఉన్నాయి, మిరపపండు రంగులో.

"మనింట్ల బతుకుతయా?"

"సదివి చెప్త," అన్నాను.

నా బడి చదువు పదో తరగతితో ఆగింది. ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో ఊట నీళ్లు తోడే పంపుల దగ్గర పని. షిఫ్టు దిగి గ్రంథాలయానికి వెళ్లడం పెళ్లికి ముందు నుంచీ అలవాటు. ఆ చెక్క బల్లల మీద నేర్చుకున్నది కాలేజీ చదువుకు తక్కువేమీ కాదని నా నమ్మకం, ఆ మాట చెప్పుకోవడానికి నాకు మొహమాటమూ లేదు. రొయ్యల మీద అక్కడ దొరికిన పుస్తకం కోస్తా చెరువుల రైతులకు రాసింది. అంతా ఎకరాల లెక్క. దాన్ని గాజు తొట్టికి కుదించుకుంటూ చదివాను. ఇంట్లో పెంచుకునేవాళ్ల కోసం ఇంగ్లీషులో ఉన్నవి నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. చదివిందల్లా రాత్రి భోజనాల దగ్గర ఆమెకు చెప్పేవాణ్ణి. వినేది.

గోదావరిఖనిలో రంగు చేపల దుకాణానికి ఆమె కూడా వచ్చింది. దుకాణం ఆయన గుండ్రటి గాజు గిన్నె ఒకటి తుడిచి ముందు పెట్టాడు.

"కొత్తగ పెంచెటోళ్లకు ఇదే బెస్టు అక్కా. టీవీ పక్కన పెడితే మస్తుంటది."

"చిన్న గిన్నెల నీళ్లు జల్ది ఖరాబైతయి అన్నా," అన్నాను. "నీళ్లు ఎంత ఎక్కువుంటే కొత్తోళ్లకు అంత తేలిక. పెద్ద తొట్టి చూపియ్యి. గుంజే ఫిల్టరొద్దు, రొయ్యపిల్లలు అండ్ల పడి పోతయి. స్పాంజిది కావాలె. నాచు కావాలె. చేపలు మాత్రం ఒక్కటి గూడ వద్దు."

ఆమె దుకాణం ఆయన వైపు తిరిగి, "ఇగ మొదలువెట్టిండు. నువ్వు కుర్చీ ఏస్కొని కూసో అన్నా," అంది.

నెలల తర్వాత ఆమె నోట విన్న మొదటి వేళాకోళం అది.

తొట్టిని ఎండ పడని మూల పెట్టాం. దుమ్ము పడకుండా పైన మూత. కింద థర్మాకోల్ పలక. మధ్యాహ్నం గనిలో బ్లాస్టింగుకు మా క్వార్టర్ల గోడలు అదురుతాయి కాబట్టి ఆ పలక నేను కలుపుకున్నది, ఏ పుస్తకంలోనూ లేదు. ఇసుక పరిచి, నాచు కట్టి, వాకిట్లో బాదం చెట్టు రాల్చిన ఎండుటాకు ఒకటి కడిగి వేశాం. రొయ్యలు గీరుకుని తినడానికి అది బాగుంటుందట. తర్వాత నెలపాటు ఉత్త నీళ్లే. రొయ్యల మలినాన్ని తినే కంటికి కనపడని సూక్ష్మజీవులు ముందు ఆ నీళ్లలో పెరగాలి. తొందరపడితే రొయ్యలు చస్తాయి. పంపుల దగ్గర నాతో పనిచేసే బావకు ఇదంతా పెద్ద తమాషా.

"ఉత్త నీళ్లకు కావలి కాస్తున్నవట గద బావా. కూర ఎప్పుడు వండుతవో చెప్పు, జొన్నరొట్టెలు నేను తెస్త."

రొయ్యలు వచ్చాయి, బతికాయి. ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒక ఉదయం ఆమె నన్ను పిలిచింది. "ఇగో, ఇటు రా. దీని కడుపు కింద చూడు." ఆవగింజల్లాంటి పసుపు గుడ్ల గుత్తి. తల్లి రొయ్య చిన్న చిన్న కాళ్లతో వాటికి నీళ్లు విసురుతూనే ఉంది. మాతోనే ఉండే మా అమ్మ కూడా వచ్చి తొట్టి ముందు గొంతుక్కూర్చుంది. "కడుపుతోటి ఉన్నది తల్లి," అంది. ఆ రోజు నుంచి నా భార్య నిద్ర లేవగానే ముందు అటే వెళ్లేది. పిల్లలు ఎప్పుడొస్తాయని నన్ను అడిగేది. అడిగేది!

మందమర్రిలో నా భార్య చెల్లెలి పెళ్లికి మేమిద్దరం వెళ్లాల్సి వచ్చింది. ఎండకు తొట్టిలో నీళ్లు తొందరగా తగ్గుతాయి. నల్లా నీళ్లలో మందు కలుపుతారు కాబట్టి పట్టిన వెంటనే పోయకూడదు. అమ్మకు ఒకటికి రెండుసార్లు చెప్పాను: "రాత్రంత నిలువున్న నీళ్లే పొయ్యాలె."

"నాకు చెప్తున్నవా? పసిపిల్లలకు పోసినట్టు పోస్త, పో."

తిరిగొచ్చేసరికి రొయ్యలు పక్కకు ఒరిగి, తెల్లబడి ఉన్నాయి. గుడ్ల రొయ్య నాచులో ఇరుక్కుని ఉంది. కాళ్లు ఆడటం లేదు.

"పొద్దటి సంది కదుల్తలేవు బిడ్డా," అంది అమ్మ కోడలితో. "నేను మంచి నీళ్లే పోసిన. కడుపుతోటి ఉన్నదని రాగి బిందె చింతపండు పెట్టి తోమి, రాత్రి నింపి, పొద్దుగాల పోసిన. రోజూ పోసిన. నీకు ఇచ్చినట్టే."

నా భార్యకు కడుపు నిలిచిన నాటి నుంచి అమ్మ ఆమెకు రాగి బిందె నీళ్లు తప్ప ఇంకేవీ తాగనివ్వలేదు.

రాగి రొయ్యలకు విషం. చెరువుల పుస్తకంలోనే ఉంది. భోజనాల దగ్గర చదివి చెప్పింది నేనే. నా భార్య నా ముఖంలోకి చూసింది. ఆమెకూ గుర్తుంది.

"ఎండకు అత్తమ్మా," అంది. "నీళ్లు ఉడికినయి."

"ఎండకేనా?"

"ఎండకే. మీదేం లేదు."

రొయ్యలను బాదం చెట్టు మొదట్లో పూడ్చాక, వాకిట్లో ఇద్దరమే ఉన్నప్పుడు, "గా నీళ్లు నేను గూడ తాగిన," అంది.

మనుషులకు ఆ కాస్త రాగి ఏమీ చెయ్యదని, రొయ్య వేరని చెప్పాను. "బొడ్డుపేగు మెడకు సుట్టుకున్నదని డాక్టరమ్మ చెప్పింది గద."

"నాకు ఎరుకే. రొయ్యలు రాగికి పోయినయంటే, బిడ్డ గూడ అందుకే పోయిందనుకోదా అత్తమ్మ? మనం కాదంటే నమ్ముతదా? ఇగ బతికినన్ని రోజులు ఆ బిందెనే చూస్కుంట కూసుంటది."

నేను చెట్టు మొదట్లో మట్టి సరిచేశాను.

వారం తిరగకముందే అమ్మే కదిపింది. "మళ్ల తెచ్చుకుందాం బిడ్డా. ఈసారి ఇంకింత సల్లటి జాగల పెడదాం. నీళ్లు నేనే చూస్కుంట."

రొయ్యలు మళ్లీ రావాలంటే ఆ నీళ్లు ఎందుకు వద్దో అమ్మకు చెప్పాలి. ఆ ఎండాకాలంలో నా భార్య కోరుకున్నది లోకంలో ఆ రొయ్యలను మాత్రమే. నేను ఆమె వైపు చూశాను. ఆమె పాలకూర తుంచుతూ తల ఎత్తలేదు.

"వద్దు అత్తమ్మా. నాకు వాటి మీద మనసు పోయింది."

అమ్మ నమ్మింది. సాయంత్రం పక్క క్వార్టర్ ఆమెతో, "మా కోడలికి ఏదాని మీద గూడ ఎక్కువ రోజులు మనసు నిలువదమ్మా," అని చెబుతుంటే లోపల నా భార్య వింటూనే ఉంది.