కొండ సైకిల్ పందెం నుంచి వచ్చినాయన

రెండేళ్ల కిందట మాచర్ల బస్టాండులో నా పక్కన కూర్చున్నాయనకు అరవై దాటి ఉంటాయి. చొక్కా మీద పందెం నంబరు, మోచేతి మీద ఎండిన నెత్తురు. స్తంభానికి లావు టైర్ల సైకిలు ఆనించి ఉంది. కొండదారిలో పెట్టిన సైకిల్ పందెం నుంచి వస్తున్నాడట.

"అందరూ కుర్రోళ్లేనమ్మా. ఆఖరోణ్ణే వచ్చా. కానీ యాడా దిగి నెట్టలా," అన్నాడు.

ఫోన్ నా చేతికిచ్చి, గాయం కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి వెళ్లాడు. అది ఆగకుండా మోగుతుంటే ఎత్తాను.

"నాన్నా, యాడున్నావ్? సైకిల్ కనపడట్లేదేంది?" అంది ఒక ఆడగొంతు. నేనెవరో చెప్పగానే కంగారుగా అడిగింది. "ఆయనకు గుండె ఆపరేషనయి ఏడాది కూడా కాలేదండీ. బాగానే ఉన్నాడా?"

కుళాయి పట్టుకుని, వంగి ఆయాసపడుతున్నాడాయన. పెదవులు తెల్లబడ్డాయి. నా చెవి దగ్గర ఫోన్ చూసి, తడి చేతులు రెండూ జోడించాడు.

"బాగానే ఉన్నారమ్మా. బస్సు కోసం కూర్చున్నారు," అన్నాను.

"అమ్మయ్య," అందామె.

కాసేపటికి ఆయన ఎక్కాల్సిన గురజాల బస్సొచ్చింది. ఆయన ఎక్కలేదు. నా దగ్గర ఫోన్ తీసుకుని జేబులో వేసుకుని, సైకిలెక్కి ఆ బస్సు వెనకే రోడ్డు పట్టాడు. లేచి కేకేశాను, వెనక్కి చూడలేదు.

నిజం చెబుదామంటే ఆ అమ్మాయి నంబరు నా దగ్గర లేదు.