పదిహేనో సంతకం

టైల్స్ గోడౌనులో మా చిన్నాన్నకి పెట్టిన పేరు మూగనోము. అప్పటికి పదకొండేళ్ళుగా అక్కడ చిన్న వ్యాను నడుపుతున్నాడు. ఆయన చేతిమీదుగా ఒక్క పెట్టె పగిలిన పాపాన పోలేదు. మాటల దగ్గరే పొదుపు. తిన్నావా అంటే తల ఊపుతాడు. బాగుందా అంటే ఇంకోసారి ఊపుతాడు.

ఆ లోటంతా పిన్ని తీర్చేది. ముందు గదిలో కుట్టుమిషను పెట్టుకుని బట్టలు కుట్టేది. ఎక్కడ నొప్పి అని డాక్టరు చిన్నాన్నని అడిగితే, "ఎడమ భుజమండీ, మూడు రోజులైంది, చెయ్యి పైకెత్తలేకపోతున్నారు" అని పిన్నే చెప్పేది. డాక్టరు కూడా అలవాటుపడి మందులెలా వాడాలో ఆవిడకే చెప్పేవాడు. అప్పట్లో నేను వాళ్ళింట్లోనే ఉండి చదువుకునేదాన్ని.

గోడౌను యజమాని పెద్ద లారీ కొన్నాడు. "బయటివాణ్ణి పెట్టుకోవడం నాకిష్టం లేదు. నువ్వే హెవీ లైసెన్సు తెచ్చుకో," అన్నాడు. అలా నలభై నాలుగేళ్ళ వయసులో చిన్నాన్న శిక్షణ కేంద్రంలో చేరాడు.

ఒక్క పూట పరీక్షతో తేలిపోయే వ్యవహారం కాదది. చేతికో పుస్తకం ఇచ్చారు. బండి తీయకముందు టైర్లు, బ్రేకులు చూసుకోవడం, సరుకు కదలకుండా కట్టడం, ఎత్తులో ఆపిన లారీని వెనక్కి జారనివ్వకుండా తీయడం, ఇలా అందులో పదిహేను పనులున్నాయి. ఒక్కోటి తప్పు లేకుండా చేసి చూపిస్తే శిక్షకురాలు దాని ఎదురుగా సంతకం పెడుతుంది. పదిహేనూ పూర్తయ్యాక ఒక అధికారి వచ్చి తన కళ్ళతో చూస్తాడు. శిక్షకురాలు ఇరవై ఏళ్ళు లారీ నడిపిన మనిషి. పొట్టిగా ఉంటుంది కాబట్టి సీటు మీద దిండు వేసుకుని కూర్చునేది.

అయిదు వారాల్లో పద్నాలుగు సంతకాలు పడ్డాయి. ప్రమాదాన్ని ముందే పసిగట్టడం ఒక్కటే మిగిలింది.

"రోడ్డు మీద ఏం చూస్తున్నారో పైకి చెబుతూ నడపండి," అంది శిక్షకురాలు.

"చూశాను మేడమ్."

"ఏం చూశారు?"

"అన్నీ."

"ఆ అన్నీ ఏమిటో చెప్పండి మరి."

చిన్నాన్న అద్దం చూశాడు. గేరు మార్చాడు. పెదవి మాత్రం కదల్లేదు. ఆవిడ పెన్నుకి మూత పెట్టేసింది.

"మీ కళ్ళల్లో దూరి చూడలేను కదండీ. పది రోజుల్లో అధికారి వస్తున్నారు. ఈలోగా నోరు తెరవడం నేర్చుకోండి."

ఇంటికొచ్చి పుస్తకం పిన్ని ముందు పెట్టాడు. ఖాళీగా ఉన్న గడి చూసి పిన్నికి సంగతి అర్థమైంది.

"మీ పక్కన కూర్చుని నేను చెప్పేస్తే ఒప్పుకోరా?"

చిన్నాన్న తల అడ్డంగా ఊపాడు.

"అయితే తప్పు నాదే," అంది పిన్ని. "ఇన్నేళ్ళూ మీ మాటలు కూడా నేనే మాట్లాడేశాను. రేపట్నుంచి నేను నోరెత్తను. మీరే మాట్లాడాలి."

"ముందు పది నిమిషాలుండి చూపించు పిన్నీ," అని నవ్వాను.

తెల్లారి లేచేసరికి పిన్ని పెదాల మధ్య నాలుగు గుండుసూదులున్నాయి. మాట్లాడితే గుచ్చుకుంటాయని.

సాయంత్రం ముగ్గురం కూరగాయలకి బయల్దేరాం. "సైకిలు," అన్నాడు చిన్నాన్న. పది అడుగులు వేశాక, "గుంట," అన్నాడు. అయితే ఏంటట అన్నట్టు పిన్ని మోచేత్తో పొడిచింది.

"గుంట తప్పించడానికి సైకిలతను ఇటు తిరుగుతాడు. అందుకని నేను ముందే నెమ్మదిస్తా."

అంత పొడుగు మాట ఆయన నోట వినడం నాకదే మొదలు.

పిన్ని పాట్లు చూడాలి. బట్టలు తెచ్చినవాళ్ళతో సైగలే. "పన్ను పీకించుకున్నారా?" అని ఒకావిడ జాలిపడితే అవునని తల ఊపింది. "గురువారానికి ఇస్తుందండీ," అని చిన్నాన్నే వాళ్ళకి చెప్పాల్సి వచ్చింది.

ఆరో రోజు చిన్నాన్న కుర్చీలో కూర్చుని, పళ్ళెం స్టీరింగులా పట్టుకుని గదిలో కనబడినవన్నీ చెబుతున్నాడు. తలుపు, బకెట్టు, కాలికి అడ్డంపడేలా ఉన్న నా చెప్పులు. చూపు మిషను దగ్గరికి వెళ్ళింది.

"బల్బు నీ వెనక ఉంది. నీ నీడ సూది మీదే పడుతోంది. కుట్టు కనబడక వంగుతున్నావు. అందుకే సాయంత్రానికి నీ మెడ పట్టేస్తోంది. నాలుగేళ్ళుగా చూస్తున్నా."

పిన్ని కాలు ఆగింది. మిషను ఆగింది. గుండుసూదులు ఒక్కొక్కటే తీసి మిషను మీదున్న సూదుల దిండుకి గుచ్చింది.

"నాలుగేళ్ళా! చెప్పొచ్చు కదండీ!"

"నువ్వే చెబుతావుగా అనుకున్నా."

పిన్ని పడీపడీ నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. మర్నాడు చిన్నాన్న నిచ్చెన తెచ్చి బల్బు మిషను ముందుకి మార్చాడు. సూదులు మళ్ళీ పెదాల మధ్యకి వెళ్ళాయి.

తొమ్మిదో రోజు పదిహేనో సంతకం పడింది. మర్నాడు అధికారి వచ్చాడు. నవ్వంటే ఎరగని మొహం. వెనక సీట్లో కూర్చున్న శిక్షకురాలు తర్వాత పిన్నికి ఫోన్ చేసి అంతా చెప్పింది.

బండి కదలకముందే ఒక తాడు వదులుగా ఉందని అధికారి సరుకంతా విప్పించి మళ్ళీ కట్టించాడట. చిన్నాన్న చెమటలు కక్కుతూ కట్టాడు. రోడ్డెక్కాక మాత్రం మాట ఆగలేదట.

"ఎదురుగా బస్సు ఆగింది. బస్సు కింద నుంచి అవతలివైపు చెప్పులు కనబడుతున్నాయి. రెండు జతలు, ఒకటి చిన్నది. బస్సు ముందు నుంచి దాటతారు. ఆపుతున్నా."

లారీ ఆగింది. మనవరాలి చెయ్యి పట్టుకుని ఒక పెద్దావిడ బస్సు చాటు నుంచి రోడ్డు మీదికొచ్చింది. లారీని చూసి ఉలిక్కిపడింది. చిన్నాన్న వెళ్ళమని చెయ్యి ఊపాడు.

వాళ్ళు దాటాక అధికారి, "ఆ చెప్పులు నేను చూడలేదు," అన్నాడట.

లైసెన్సు వచ్చిన ఆదివారం చిన్నాన్న మా ఇద్దర్నీ గోడౌనుకి తీసుకెళ్ళాడు. లారీ మెట్టు పిన్ని మోకాలి కంటే ఎత్తుగా ఉంది.

"ఎడమ కాలు పెట్టు. ఆ పిడి పట్టుకో. భయం లేదు, వెనక నేనున్నా."

పిన్ని ఎక్కి కూర్చుని, చీర సర్దుకుని, కిందికి చూసింది.

"అమ్మో, ఎంత ఎత్తండీ! ఇక రోజూ ఇక్కణ్ణుంచేనా మీరు చూసేది?"

"ఊఁ," అన్నాడు చిన్నాన్న. ఇంజను స్టార్ట్ చేసి, అద్దాలు చూసుకుని, దారిలో ఏమేం కనబడుతున్నాయో పిన్నికి చెబుతూ ఆవరణ చుట్టూ మెల్లగా తిప్పాడు.