కాగితం రాని ప్రింటరు

మా వీధి చివర జెరాక్స్ కొట్టువాడు ఏ కాగితాన్నైనా మెషీన్‌లో పెట్టేముందు పైనుంచి కిందికి ఒకసారి చదువుతాడు. మొహంలో ఏమీ కనపడనివ్వడు కానీ చదువుతాడు, నాకు తెలుసు. మా ఆయన కడుపులో గడ్డ ఉందనీ, విశాఖపట్నం తీసుకెళ్ళి ఆపరేషన్ చేయించాలనీ ఇక్కడి డాక్టరు చెప్పినప్పుడు, ఫోనుకొచ్చిన రిపోర్టులు ప్రింటు తీయించడానికి ఆ కొట్టుకి వెళ్ళాలంటే నాకు మనసొప్పలేదు. మా పేట గోసాని నువాగాంలో పొద్దున్న తెలిసిన సంగతి మధ్యాహ్నానికి బరంపురం బజారంతా తిరుగుతుంది. మాది పసుపు, మిరపకాయల టోకు వ్యాపారం. యజమానికి ఒంట్లో బాగులేదంటే సరుకిచ్చేవాళ్ళు వెనకాడతారు. అన్నిటికంటే ముఖ్యం, గోడ అవతలికి తెలియకూడదు.

గోడ అవతల మా మరిది కుటుంబం ఉంటుంది. అన్నదమ్ములు పంపకాలు చేసుకున్నప్పుడు ఇంటి మధ్యలో ఆ గోడ లేచింది. అప్పటినుంచి మాటల్లేవు. పెళ్ళిళ్ళలో ఎదురుపడినా చెరో పంక్తిలో కూర్చుంటారు. ఈ కబురు తెలిస్తే వాళ్ళు లోలోపల సంతోషిస్తారని నా అనుమానం. నాకు అనుమానం ఎక్కువే, కాదనను. అది లేనివాళ్ళు వ్యాపారం ఎలా చేస్తారో నాకు అర్థం కాదు.

అందుకని ప్రింటరు కొన్నాం. బిగించడానికి వచ్చినతను ఒరియావాడు, తెలుగు బాగానే మాట్లాడతాడు. నన్ను మావుసీ అన్నాడు, అంటే పిన్ని. వైరు ఏదని అడిగాను.

"వైరు లేదు మావుసీ. వైఫైలో ఎల్తాది."

"గాల్లో ఎల్లేదాన్ని మధ్యలో ఎవరూ పట్టుకోరా?"

అతను ఓపిగ్గానే చెప్పాడు. మూలనున్న డబ్బా రౌటరు. ఫోనూ, ప్రింటరూ రెండూ ఆ డబ్బానే పట్టుకుని ఉండాలట. అప్పుడే ఒకదాని మాట ఒకదానికి అందుతుందట. దాన్నే ఒకే నెట్‌వర్క్‌లో ఉండడం అంటారు. ఆ నెట్‌వర్క్‌కి ఒక పేరు, లోపలికి రావడానికి ఒక పాస్‌వర్డ్. లోపలికొచ్చిన ప్రతి వస్తువుకీ రౌటరు ఒక నంబరిస్తుంది, అది ఐపీ అడ్రస్సు. ఇంటి నంబరు లాంటిదే అన్నాడు. నంబరుంటే ఎవరైనా వెతుక్కుంటూ రావచ్చు కదా అనుకున్నాను.

అతను ఉన్నంతసేపూ ప్రింటరు బుద్ధిగా పనిచేసింది. ఇలాంటివన్నీ అంతే.

మర్నాడు పొద్దున్న మా ఆయన నడింట్లో మంచం మీద కూర్చుని తన ఫోన్లోంచి రిపోర్టులు పంపారు. నేను ముందుగదిలో ప్రింటరు దగ్గర నిలబడ్డాను. ఏమీ రాలేదు.

"అయిపోయిందని సూపిస్తంది," అన్నారాయన.

అయిపోతే కాగితం ఏది? ట్రే లాగి చూశాను, వెనక మూత తీసి చూశాను. సాయంత్రం ఆయన మళ్ళీ పంపారు. మర్నాడు పొద్దున్న ఇంకోసారి పంపారు. ప్రతిసారీ ఫోను అయిపోయిందనే చెప్పింది, ప్రింటరు మాత్రం ఉలకలేదు పలకలేదు. బిగించినవాడే ఏదో చేశాడని తేల్చుకుని అతన్ని పిలిపించాను.

అతను మా ఆయన ఫోను చూసి, నడింట్లోకీ ముందుగదిలోకీ తిరిగి, ఇక్కడ మీ ఇంటిపేరుతో రెండు వైఫైలున్నాయన్నాడు.

ఇల్లు ఒక్కటిగా ఉన్న రోజుల్లో వైఫైకి మా ఇంటిపేరు పెట్టుకున్నాం, పాస్‌వర్డ్‌గా మా ఇలవేల్పు పేరు పెట్టుకున్నాం. విడిపోయాక మరిది వేరే కనెక్షన్ తీసుకుని మళ్ళీ అవే పెట్టుకున్నాడు. గిన్నెలు పంచుకున్నారు, బీరువాలు పంచుకున్నారు. ఇంటిపేరునీ అమ్మవారినీ మాత్రం ఇద్దరిలో ఎవరూ వదులుకోలేదు.

"పేరొకటే, పాస్‌వర్డ్ ఒకటే. ఫోనుకి అన్నేటి, తమ్ముడేటి? సిగ్నల్ ఎక్కడ గట్టిగుంటే అక్కడికి ఎల్లిపోతాది," అన్నాడు.

మంచం ఆ గోడకే ఆనుకుని ఉంది, గోడ అవతల మరిదికీ ఒక ప్రింటరుంది. మా రిపోర్టులు మరిది ఇంట్లో, మరిది ప్రింటర్లో పడ్డాయన్నమాట. మరిది కావాలనే ఆ పేరు పెట్టాడా? ఇన్నాళ్ళూ మా సంగతులు ఏమేమి లాక్కున్నాడు? ఇప్పటికిప్పుడు పేరు మార్చెయ్యమన్నాను.

మా ఆయన ఒప్పుకోలేదు. "ఇంటిపేరు మార్సడమేటి? ఉండనీ."

అంత జరిగినా ఆయన నిదానంగా ఎలా ఉన్నారో నాకు అంతుపట్టలేదు. జబ్బు మనిషితో వాదనెందుకని ఊరుకున్నాను.

ఆ సాయంత్రమే మరిది మా గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో రిపోర్టులున్నాయి. నేను దారివ్వలేదు.

"ఎవరెవరు సదివేరు?"

"నేనే సదివేను వదినా. మా ఇంట్లో దానికి కూడా సెప్పలేదు. నిన్న పొద్దున్నే పడ్డాయి. రావడానికి మొకం సెల్లలేదు."

నేను నమ్మలేదు. చాలాసార్లు మడిచి విప్పిన కాగితాలవి.

"విశాఖ ఎప్పుడెల్తన్నారు? నేనూ వస్తాను. నువ్వొక్కదానివీ అక్కడ ఏటి సేస్తావు?"

ఏం ఆశించి వస్తానంటున్నాడా అని ఆలోచిస్తూనే పక్కకి జరిగాను. మరిది లోపలికెళ్ళి మంచం చివర కూర్చుని అన్న పాదం మీద చెయ్యి వేశాడు.

విశాఖ వెళ్ళేటప్పుడు పలాసలో రైలు ఆగితే మరిది నీళ్ళసీసా కోసం దిగాడు. అదను చూసి మా ఆయనతో అన్నాను, ఆ ప్రింటరు పొరపాటు జరక్కపోతే ఇతను వచ్చేవాడా, ఏ ఉద్దేశంతో వస్తున్నాడో కాస్త కనిపెట్టి ఉండండి అని.

"పొరపాటేటి? నొక్కేముందు ప్రింటరు పేరు ఫోన్లో కనపడతాది కదా. మనది కాదని సూసే నొక్కేను."

ఆ ఇంటి చుట్టుపక్కల నేను అనుమానించనిది ఆయన్నొక్కరినే.

"వాడి గుమ్మమెక్కి సెప్పుకోలేకపోయేను," అన్నారాయన, ప్లాట్‌ఫారం మీద తమ్ముడు ఎక్కడున్నాడో వెతుక్కుంటూ. "పొద్దున్న పంపితే రాలేదు. సాయంత్రం పంపినా రాలేదు. ఇంక రాడేమోనని బయమేసింది."