వార్డు వెనక వయ్యారిభామ

మా అమ్మమ్మ అడుగుల చప్పుడు వింటే చాలు, వయ్యారిభామ మొక్క తనంతట తానే వేళ్ళతో సహా లేచి నిలబడి, "ఇదుగో తల్లీ, నీకెందుకు శ్రమ" అంటుంది. నమ్మకపోతే మీ ఇష్టం. ఎనిమిదో తరగతిలో బడి మానేసిన నేను అబద్ధాలు కూడా సరిగ్గా ఆడలేను.

ఆస్పత్రిలో తోటపని ఆవిడది. అందరూ తోటమ్మ అంటారు. ముందున్న గులాబీలంటే ఆవిడకు లెక్కలేదు. ఆవిడ యుద్ధమంతా వెనకవైపు, ఆయాసం రోగులుండే వార్డు కిటికీల కింద. అక్కడ మొలిచేది వయ్యారిభామ. క్యారెట్ ఆకులాంటి ఆకు, పిండిచల్లినట్టు చిన్న చిన్న తెల్లపూలు. చూడ్డానికి ముద్దుగా ఉంటుంది. దాని పుప్పొడి కిటికీలోంచి లోపలికి వెళ్ళిందంటే మంచాలన్నీ దగ్గుతాయి. అమ్మమ్మ మోచేతుల దాకా చర్మం పగిలి గరుకుదేరింది దానివల్లే.

ఆవిడ పద్ధతి ఒకటే. వాన పడ్డ మర్నాడు, నేల మెత్తగా ఉండగా, పువ్వు రాకముందు, వేరుతో పీకాలి. చేతులకు ప్లాస్టిక్ సంచులు కట్టుకుని, తాతయ్య పాత చొక్కా తొడుక్కుని దిగుతుంది. దూరం నుంచి చూస్తే పొలం కాపలా బొమ్మ లేచి నడుస్తున్నట్టుంటుంది. ఆ మాట అన్నందుకు వీపు మీద ఒకటి పడింది.

మూడేళ్ళ కిందట గడ్డి కోసే మిషన్ వచ్చింది. అది పూలు విచ్చుకున్నాక వచ్చి, తలలు నరికి, గింజలు నాలుగు దిక్కులా చల్లిపోతుంది. పదిహేను రోజుల్లో మోళ్ళు మళ్ళీ పూస్తాయి.

ఈసారి వాన పడగానే అమ్మమ్మ సూపరింటెండెంటు గారి గదికి వెళ్ళింది.

"అయ్యా, ముగ్గురు మనుషుల్నివ్వండి. రెండు రోజులు చాలు. ఇంకా పువ్వు రాలేదు."

"మిషన్ ఉండగా మనుషులెందుకు తోటమ్మా?"

"మిషన్‌కి వేరు కనబడదయ్యా."

"వచ్చే శుక్రవారం పరిశుభ్రత సభ. సన్మానం నీకే. అది కానివ్వు, తర్వాత చూద్దాం."

ఆ పది రోజులూ అమ్మమ్మ ఇంట్లో గిన్నెలన్నీ మోగాయి. ఒక్కతే వీలైనంత పీకింది. మిగతాదంతా పూసింది. "సన్మానమట. ఆ వార్డులో వాళ్ళు ఊపిరాడక చస్తుంటే నా భుజాల మీద శాలువా కప్పుతారట," అని నన్ను తిట్టింది. తిట్టడానికి దగ్గర్లో ఉన్నది నేనే.

శుక్రవారం శాలువా కప్పారు. తర్వాత సూపరింటెండెంటు గారు పూలగుత్తి అందుకుని, ఫొటో కోసం ఒకసారి ముక్కు దగ్గర పెట్టుకుని, నవ్వుతూ అమ్మమ్మ చేతికిచ్చారు. అయిదు ఎర్ర గులాబీలు, వాటి చుట్టూ నిండుగా తెల్లపూలు. గులాబీలు తక్కువయ్యాయని ఆఫీసు గుమాస్తా వార్డు వెనక్కి వెళ్ళి, ఆ తెల్లపూలు అందంగా ఉన్నాయని కోసుకొచ్చి కట్టాడు.

అమ్మమ్మ కదలకుండా దాన్నే చూసింది. తర్వాత దారం విప్పి, ఒక్కొక్క తెల్ల రెమ్మనీ తీసి ఆయన ముందు బల్ల మీద పెట్టింది.

"మూడేళ్ళుగా నేను మొత్తుకుంటున్నది దీని గురించేనయ్యా. దీని మొహం కూడా మీకు తెలీదు. తెలీనిదాన్ని నరకమని ఎలా రాసిచ్చారు?"

ఆయన రుమాలు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకున్నారు. "అంటే, ఇదేనా?"

"ఇదే. వేరుతో తేలేదు కూడా. కోసుకొచ్చాడు. అక్కడ మళ్ళీ పూస్తుంది."

గుమాస్తా చేతులు గోక్కుంటూ బయటికి వెళ్ళాడు. సూపరింటెండెంటు గారు ఆ రెమ్మల్ని చూసి, మిషన్‌ని షెడ్డులో పెట్టి తాళం వేయమన్నారు. మర్నాడు మనుషుల్ని ఇచ్చారు, ముగ్గురు కాదు, ఇద్దరినే. మూడో మనిషి కోసం అమ్మమ్మ నా పంక్చర్ల షాపు మూయించింది. ముక్కులకు గుడ్డలు కట్టుకుని, పూసినవాటిని పుప్పొడి లేవకుండా తడిపి, వంగి వంగి రెండు రోజులు పీకాం. నా నడుము ఇంకా నాది కాదు.

ఇదంతా రాసి నిన్న చదివి వినిపించాను. మొక్క లేచి నిలబడిన చోట మెచ్చుకుంటుందనుకున్నాను. అమ్మమ్మ చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంటూ అంది:

"గోడ మూల నువ్వు పీకినవన్నీ మళ్ళీ మొలిచాయి. వేళ్ళు నేల్లోనే ఉండిపోయేలా తెంపేశావు. ఆ కాగితం అక్కడ పడేసి నాతో రా."