బాలింతల వార్డులో మంచు ఆటలు

మేడారం జాతర జరిగిన ఒక ఏడాది, ఫిబ్రవరిలో, నన్ను జనగామ నుంచి మానుకోట వైపు ఒక సర్కారు దవాఖానకు బదిలీ చేశారు. అక్కడ బాలింతల వార్డులో ఆయా డ్యూటీ పడింది. హోదాల వరుసలో డాక్టరమ్మ, హెడ్ సిస్టర్, స్టాఫ్ నర్సు, అందరికీ కింద ఆయా. పక్కదుప్పట్లు మార్చడం, వేడినీళ్లు అందించడం, నేల తుడవడం నా పని. చదువు సర్వీసు మధ్యలో రాత్రి బడిలో నేర్చుకున్నదే. పేరు చూసి మందుల చీటీని సరైన మంచానికి చేర్చడానికి అది సరిపోయేది.

తక్కువ బరువుతో పుట్టిన పిల్లలకు అక్కడ ఒక పద్ధతి పాటించేవారు. బిడ్డకు టోపీ, లంగోటీ మాత్రం ఉంచి, తల్లి ఎదమీద ఒంటికి ఒళ్లు తగిలేలా పడుకోబెట్టి, పైన గుడ్డతో కట్టేవారు. తల్లికి చేతకాకపోతే అమ్మమ్మో నాయనమ్మో కట్టుకోవచ్చు. అలా గంటల తరబడి కదలకుండా ఉండాలి. కష్టమంతా ఆ కదలకుండా ఉండడంలోనే ఉంది. బిడ్డ బరువు పెరుగుతోందని తూకంలో తేలితేనే డాక్టరమ్మ డిశ్చార్జికి సంతకం పెట్టేది.

పెద్దవంగర దగ్గరి తండా నుంచి వచ్చిన సునీతకు ఆడపిల్ల పుట్టింది. వార్డులో ఉన్న పిల్లలందరిలో తక్కువ బరువు ఆ పిల్లదే. ఆపరేషన్ కాన్పు వల్ల సునీత ఎక్కువసేపు కూర్చోలేకపోయేది. తోడుగా వచ్చిన అత్త కమ్లికేమో కాలు నిలిచేది కాదు. ఇంటి దగ్గర చేలో అవి మిర్చి ఏరే రోజులు. బిడ్డను కట్టుకోమంటే కట్టుకునేది, నేను అటు తిరగగానే విప్పి పక్కలో వేసి వరండాలోకి పోయేది. బిడ్డ కాళ్లు చల్లబడేవి. తూకంలో ముల్లు ముందుకు కదలలేదు. పైగా ఇంటికి పోతామని రోజూ గొడవ. హెడ్ సిస్టర్ భూపాలపల్లి మనిషి, మాట దాచుకోదు.

"గిట్లనే తీస్కపోతే బిడ్డ దక్కది" అని కమ్లి మొఖం మీదే చెప్పింది.

"నా పిల్లలను చేన్ల గట్టు మీద పెంచిన సిస్టరమ్మా. గప్పుడు మీ తూకం మిషిను లేకుండె, పిల్లలుండిరి" అంది కమ్లి. రేపు పొద్దున పోతామని మూట కూడా కట్టింది.

వార్డు గోడకు ఒక టీవీ ఉండేది. బిడ్డను ఎదకు ఎలా కట్టుకోవాలో చూపే ఆరోగ్య పాఠం దాంట్లో రోజంతా నడవాలని పైనుంచి ఆదేశం. పాఠం మొదలుకాగానే వార్డంతా నిద్రపోయేది. మూట కట్టిన ఆ మధ్యాహ్నమే ఒక బాలింత మొగుడు క్రికెట్ కోసం చానెల్ మార్చాడు. క్రికెట్ దొరకలేదు. ఏదో చలిదేశంలో జరుగుతున్న మంచు ఆటల పోటీలు వచ్చాయి. అతను నిరాశపడి, రిమోట్ జేబులో వేసుకుని, స్టేషన్ ఘన్‌పూర్ బస్సెక్కి వెళ్లిపోయాడు.

తెరంతా తెల్లటి మంచు. కమ్లి ఉలిక్కిపడింది. మా వైపు బాలింతకు చెవుల్లో దూది పెట్టి, తలకు గుడ్డ చుట్టి, చల్లగాలి సోకకుండా కాపాడతారు. చల్లనిది కంటితో చూసినా చలి పడుతుందని మాత్రం నేను ఆ రోజే విన్నాను.

"బంద్ చెయ్యి ఆయమ్మా. బాలింతకు శీతం జేస్తది" అంది కమ్లి. పక్క మంచాల పెద్దవాళ్లు కూడా నిజమేనన్నారు. వార్డులో ఇలాంటి వైద్యానికి రెండో అభిప్రాయం వెంటనే దొరుకుతుంది.

సిస్టర్ హుకుం లేకుండా స్విచ్ ముట్టరాదని చెప్పాను. కమ్లి కోడలిని గోడవైపు తిప్పి పడుకోబెట్టింది. బిడ్డకు చలి తగలకుండా తానే తీసి ఎదకు గట్టిగా కట్టుకుని, పైన దుప్పటి కప్పుకుని, టీవీకి ఎదురుగా కూర్చుంది. చలి ఎటునుంచి వస్తుందో ఎవరో ఒకరు చూస్తూ ఉండాలి కదా.

సాయంత్రం దాకా చూసింది. వ్యాఖ్యానం మాకెవరికీ అర్థం కాలేదు కాబట్టి ఆటగాళ్లకు అంగీల రంగును బట్టి పేర్లు పెట్టింది. చిన్న బండిమీద వెల్లకిలా పడుకుని మంచు కాలువలో జారిపోయేవాణ్ని చూసి, "పండుకున్నోనికి గూడ పతకం ఇస్తరా?" అంది. మంచుమీద నాట్యం చేస్తూ ఎర్రంగీ పిల్ల జారిపడితే, బిడ్డను ఇంకా దగ్గరికి హత్తుకుంది. నలుగురు ఆడవాళ్లు నున్నటి రాయి ముందు చీపుర్ల లాంటివాటితో మంచును రుద్దుతుంటే నావైపు తిరిగింది.

"ఊడ్చుడుకు గూడ బంగారు పతకమట ఆయమ్మా. నీకేమిచ్చిండ్రు?"

"ట్రాన్స్‌ఫర్ ఇచ్చిండ్రు అక్కా."

మర్నాడు పొద్దున ఆమె మూట ఎత్తలేదు. ఎర్రంగీ పిల్ల ఆట ఇంకా ఉందట. బిడ్డను కట్టుకుని మళ్లీ అదే చోట కూర్చుంది. ఈ సంగతి తెలిసి హెడ్ సిస్టర్ కోపంగా వచ్చింది. ఆరోగ్య పాఠం ఏదని అడిగింది. సంజాయిషీ నేనే చెప్పుకోవాలి.

"బిడ్డ కాళ్లు ముట్టి చూడున్రి సిస్టర్" అన్నాను.

దుప్పటి కింద చెయ్యి పెట్టి చూసింది. కాళ్లు వెచ్చగా ఉన్నాయి. కమ్లి తెరమీది నుంచి చూపు తిప్పకుండా, సిస్టర్‌ను కొంచెం పక్కకు జరగమంది. సిస్టర్ జరిగింది. పోతూ పోతూ, డాక్టరమ్మ మంచం మంచం తిరిగి చూసే వేళకు మాత్రం పాఠం పెట్టమని నాతో మెల్లగా చెప్పింది. రిమోట్ లేదు కాబట్టి టీవీ వెనక మీట నొక్కడానికి స్టూలు ఎక్కడం నా డ్యూటీలో చేరింది.

ఆ వారంలో తూకంలో ముల్లు కదిలింది, తర్వాత కదులుతూనే పోయింది. డిశ్చార్జి కాగితం చేతికిచ్చిన పూట, తీసుకుపోవడానికి వచ్చిన కొడుకును కమ్లి ఆట అయ్యేదాకా వరండాలో కూర్చోబెట్టింది. ఎర్రంగీ పిల్లకు పతకం రాలేదు. మార్కులేసినవాళ్లకు కళ్లు లేవని తిట్టి, బిడ్డను ఎదకు అలాగే కట్టుకుని ఆటో ఎక్కింది.

తర్వాత జరిగిన మీటింగులో, ఆరోగ్య పాఠం వల్ల మా వార్డులో మంచి ఫలితం వచ్చిందని రాసుకున్నారు. దాని ఆధారంగా పక్క వార్డుకు కూడా టీవీ మంజూరైంది. చానెళ్లు రాకుండా, పాఠం ఒక్కటే నడిచేలా బిగించారు. అక్కడి ఆడవాళ్లు హాయిగా నిద్రపోయేవారు.

రిటైరయ్యాక ఇప్పుడు ఇంట్లో మంచు ఆటలు వస్తే నేను మొత్తం చూస్తాను. నియమాలు ఇప్పటికీ సగమే తెలుసు. కానీ ఉద్యోగం గురించి ఒక సంగతి ఆ ఫిబ్రవరిలో పూర్తిగా తెలిసింది. చిన్న బిడ్డకు కావలసింది కదలకుండా ఉండే వెచ్చని ఒళ్లు. మనిషి కదలకుండా కూర్చుంటే చాలు, ఎందుకు కూర్చుందని ఆ తర్వాత నేను ఎవరినీ అడగలేదు.