గల్లీలో నా వెరిఫికేషన్

ఉద్యోగాలు ఇప్పించే ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకున్నాను. రిక్రూటర్ అంటే కంపెనీలకు మనుషుల్ని వెతికి పెట్టే పని. ఈ రోజుల్లో అదెంత కష్టమంటే, ఆఫర్ తీసుకున్నవాడు చేరే రోజు పొద్దున్నే ఫోన్ స్విచ్చాఫ్ చేస్తాడు. చేరినవాడు నిలవడు. ఆ భయంతోనే కాబోలు, నన్ను వడపోయడం మామూలుగా వడపోయలేదు.

ముందు నా రెజ్యూమెను ఏదో సాఫ్ట్‌వేర్ చదివింది. తర్వాత అవతల మనిషే లేని వీడియో ఇంటర్వ్యూ. ఉత్త తెరను చూసి నవ్వుతూ జవాబులు చెప్పాను. ఆ గండం గడిచి ఆఫర్ రాగానే, మలక్‌పేటలో చేస్తున్న పాత ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేశాను. మిగిలింది బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ ఒక్కటే. కంపెనీ తరఫున ఒకతను వచ్చి, నేనెలాంటిదాన్నో ఇరుగుపొరుగును అడుగుతాడు. గౌలిపురలో పుట్టి పెరిగినదాన్ని, నాకేం భయం అనుకున్నాను.

అక్కడే పప్పులో కాలేశాను. ఇస్త్రీ చొక్కా వేసుకున్న కొత్త మనిషి మా గల్లీకొచ్చి ఒక ఆడపిల్ల గురించి ఆరా తీస్తే, అది పెళ్లి సంబంధమే. ఇంకో కారణం మావాళ్లు ఎరగరు. అప్పుడు ఎంత గయ్యాళి పిల్లనైనా నోట్లో నాలుక లేనిదని చెప్పడం ఇరుగుపొరుగు ధర్మం.

అతను అడిగింది ఎదురింటి పెద్దమ్మను. తరతరాలుగా పాల వ్యాపారం వాళ్లది. సాయంత్రం ఆమే మురిసిపోతూ వచ్చింది.

"మస్తు మంచిగ చెప్పిన బిడ్డా. ఎదురు మాట్లాడది, గడప దాటది అన్న. నౌకరీ ఏదో టైంపాస్‌కు చేస్తది, మానెయ్యమంటే రేపే మానేస్తది అన్న. పిలగాడు అన్నీ ఫోన్‌ల రాసుకున్నడు."

"వాళ్లు పిల్లను చూస్తలేరు పెద్దమ్మా, నౌకరీ ఇస్తున్నరు," అన్నాను. కోపం, ఏడుపు, నవ్వు ఒకేసారి తన్నుకొచ్చాయి.

మర్నాడే కంపెనీ హెచ్చార్ మేడం ఫోన్. "మీరు ఎక్కువ కాలం చేయరని రిపోర్టులో ఉంది. ఆఫర్ ఆపాల్సి వస్తోంది," అంది. పాతది పోయింది, కొత్తది చేజారుతోంది. ఎంత చెప్పినా నా మాట నమ్మదు. చేసేదేం లేక పరుగున వెళ్లి, స్పీకర్ పెట్టి ఫోన్ పెద్దమ్మ చేతికిచ్చాను.

"గది పెండ్లి సంబంధమనుకొని చెప్పిన మేడం. అన్నీ అబద్ధాలే," పెద్దమ్మ మొదలుపెట్టింది. "ఈ పిల్ల ఒట్టి మొండిది. ఎవ్వరి మాట ఇనది. నల్లా రాకపోతే నీళ్ల ఆఫీసుకు పోయి లొల్లి పెట్టి నీళ్లు ఇడిపిచ్చింది."

నా పరువు పోతోందా, నిలబడుతోందా తెలియలేదు.

"మరి ఉద్యోగం మానేస్తుందని మీరే అన్నారట కదా?" అంది మేడం.

పెద్దమ్మ ఫోన్‌ను ఇంకో చేతికి మార్చుకుంది.

"లగ్గానికి ముందు నేను బడిల టీచర్‌ను మేడం. పిల్లను చూడొచ్చినోళ్లు మానేస్తవా అని నన్నడిగిన్రు. మానేస్త అన్న, మానేసిన. గా బాధ ఇప్పటికీ పోలే. ఈ పిల్ల మానేస్త అన్నా నేను మాననియ్య."

"సోమవారం వచ్చి చేరమనండి," అంది మేడం చివరికి.

సంతోషం కంటే ముందు నాకు ఏడుపొచ్చింది. పుట్టినప్పటి నుంచీ ఆ ఇంటి పాలే తాగాను. ఆమె ఒకప్పుడు టీచరని నాకెవరూ చెప్పలేదు.